కనిపెట్టు: నానార్థాలు వ్రాయుము

రామచంద్రపురం,
జనవరి 6.

ప్రియమైన ఫణీ,

వందనాలు. నువ్వు నమస్కారమని చదువుకో, నాకేం అభ్యంతరం లేదు.

ఫోన్లో మాట్లాడనంటే మాట్లాడనని భీష్మించుకు కూర్చున్నావు కాబట్టి ఈ ఉత్తరం. "ఫోన్లో ఏమడిగినా 'ప్రార్థన చేస్తున్నానే' అని పెట్టేస్తావు, కాగితం మీదయితే నిన్ను పట్టుకోవచ్చు" అన్నావు. రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ హాస్టల్లో ఒకే గదిలో ఉన్నప్పటినుంచీ నీది ఈ పోలీసు బుద్ధే. పోస్టాఫీసులో కవరు అడిగితే గుమాస్తా నన్ను ఎగాదిగా చూశాడు.

సరే, నువ్వడిగినదానికి జవాబు. ఐజాక్ గారు నన్ను పెళ్ళికి అడిగిన మాట నిజమే. క్రిస్మస్‌కి ముందు మా చర్చిలో పాటల పండక్కి కాకినాడ నుంచి వచ్చారు. హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. భార్య పోయి చాలాకాలమైంది. ఇంట్లో ఆయనా, వాళ్ళమ్మగారూ. భోజనాలయ్యాక నేను చెయ్యి కడుక్కుంటుంటే పక్కన నిలబడి, "మీకిష్టమైతేనే అండి, తొందరేం లేదండి, ఈ వయసులో ఒకళ్ళకొకళ్ళం తోడుంటే బాగుంటుందనిపించిందండి" అన్నారు. నా చేతిలో సబ్బు జారి కాలవలో పడింది. మంచి మనిషి ఫణీ. పాట పాడితే శ్రుతి తప్పుతారు, అదొక్కటే లోపం.

మా ఆయన జయపాల్ పోయి ఆరేళ్ళయినా, యాభై దాటాక మళ్ళీ పెళ్ళంటే నేనొక్కదాన్నే తేల్చుకునే విషయమా? కొత్త సంవత్సరం ఆరాధనలో మాకు వాగ్దానం కార్డులు ఇస్తారని నీకు తెలుసుగా. పళ్ళెంలో బోర్లా పెడతారు. ఎవరికి ఏది వస్తే అది ఆ ఏడాదికి దేవుడు వాళ్ళకిచ్చిన మాట. నేను ఈ సంగతే మనసులో పెట్టుకుని కళ్ళు మూసుకుని తీశాను. "కనిపెట్టుకొని యుండుము" అని వచ్చింది. మా పాస్టరు చిట్టియ్య గారికి చూపిస్తే, "ఇంకేం కావాలమ్మా, కనిపెట్టు" అన్నారు.

కనిపెడుతున్నాను. తొందరపడను. నాకు దేవుడి మీద నమ్మకముంది. అది నీకెలాగూ అర్థం కాదు.

మీ కొత్త ఫ్రిజ్ ఎలా ఉంది?

నీ
హెలెన్


ఆత్రేయపురం,
జనవరి 20.

ఏమే హెలెనూ,

ఫ్రిజ్ గురించి వెటకారంగా అడిగావని నాకు తెలుసు. అట్టపెట్టెలోనే ఉంది. మూఢం కదా, మా ఆయన విశ్వనాథ్ గారు దానికి ప్లగ్గు పెట్టనివ్వరు. శుక్రుడు ఆకాశంలో కనపడేదాకా మా పాలు విరగాల్సిందే. రోజూ ఆ పెట్టె మీదే పేపరు పరుచుకుని చదువుకుంటున్నారు. మా ఇంటి పిచ్చి మాకుంది, ఒప్పుకుంటున్నాను. కానీ మేం ఆపింది ఫ్రిజ్‌ని. నువ్వు ఆపింది మనిషిని.

ఇంతకీ నీ కార్డు సంగతి. పాతికేళ్ళ పైనుంచి పిల్లల చేత నానార్థాలు రాయిస్తున్నదాన్ని, లెక్కల టీచరువి నువ్వు నాకు తెలుగు చెబుతావా? మా స్కూల్లో ఏ పిల్లనడిగినా చెబుతుంది. కనిపెట్టు అంటే దాగి ఉన్నదాన్ని తెలుసుకొను అని. దొంగను కనిపెట్టారు, మందు కనిపెట్టారు. మీ చర్చి తెలుగులోనేమో ఎదురుచూడు అని. రెండర్థాలున్న మాటను దేవుడు పంపితే, ఒళ్ళు కదలక్కర్లేని అర్థం ఏరుకున్నావు. పరీక్షలో ఇలా రాస్తే అరమార్కు కూడా వెయ్యను.

ఆ మనిషి ఎలాంటివాడు, తాగుతాడా, కసురుతాడా, ఇంట్లో సంగతేంటి, ఇవి కనిపెట్టమన్నాడే నిన్ను దేవుడు! నువ్వెలాగూ కదలవు. ఫర్వాలేదు, నీ బదులు నేను కనిపెడతాను. మూఢంలో కాకినాడ బస్సెక్కకూడదని మా పంచాంగంలో ఎక్కడా లేదు, చూశాను.

ఒకటి మాత్రం నిజం చెప్పు. పళ్ళెంలో ఆ కార్డు కాకుండా 'లేచి బయలుదేరుము' అని వచ్చుంటే ఏం చేసేదానివి? పక్కవాళ్ళదేమోలే అనుకుని ఇంకోటి తీసేదానివి కాదూ?

నీ
ఫణి


రామచంద్రపురం,
ఫిబ్రవరి 22.

ఫణీ,

నువ్వు కాకినాడ వెళ్ళొద్దు. బతిమాలుతున్నాననుకో, కసురుతున్నాననుకో, వెళ్ళొద్దు.

ఇంకోటి తీసేదానివి అన్నావే, నోరు కడుక్కో. రెండు కార్డులు అతుక్కుని వచ్చిన మాట నిజమే. ఒకదాన్ని తిరిగి పళ్ళెంలో పెట్టేశాను. అది వేరే సంగతి.

పైగా ఇప్పుడు శ్రమల కాలం మొదలైంది. ఈస్టరు వెళ్ళేదాకా మేం శుభకార్యం మాట ఎత్తం. ఐజాక్ గారు మొన్న ఫోన్ చేసి, "నేనూ కనిపెడుతున్నానండి, మీరేం కంగారుపడకండి" అన్నారు. అడిగిన మనిషికే అంత ఓపిక ఉంటే మధ్యలో నీకేంటి తొందర?

ఓపిక అంటే నీకు చేతకానితనంలా కనిపిస్తుంది. జయపాల్ పక్షవాతంతో మంచం మీద ఉన్న తొమ్మిదేళ్ళూ నన్ను నిలబెట్టింది ఆ ఓపికే. దాన్ని మాత్రం వెక్కిరించకు ఫణీ, నాకు బాధగా ఉంటుంది.

మూఢం వెళ్ళిపోయిందిగా. చల్లటి నీళ్ళు తాగి స్థిమితపడు.

నీ
హెలెన్


ఆత్రేయపురం,
మార్చి 9.

హెలెనూ,

మా మూఢం పోయింది, మీ మూఢం వచ్చిందన్నమాట. ఫ్రిజ్‌కి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, మంచి ఘడియ చూసి ప్లగ్గు పెడితే అప్పుడు తెలిసింది, మాకు వోల్టేజీ చాలదట, స్టెబిలైజరు కొనాలట. నవ్వుకో.

వెళ్ళొద్దన్నావు, వెళ్ళాను. రావులపాలెంలో కాకినాడ బస్సెక్కాను. చేపల వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఐసు ఫ్యాక్టరీ వెతుక్కుంటూ వెళ్ళి, మా మేనకోడలి పెళ్ళికి ఐసు కావాలన్నాను. "ఎన్ని దిమ్మలండీ?" అన్నాడాయన. ఐసును దిమ్మల్లో కొంటారని నాకేం తెలుసు? నాలుగు కేజీలన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, "మీరు ఫణిశ్రీ గారు కదండీ? హెలెన్ గారి ఫోన్లో మీ ఫొటో చూశానండి. ఎండన పడి వచ్చారు, ముందు మజ్జిగ తాగండి" అన్నాడు. నా గూఢచారితనం అక్కడితో సరి.

మనిషి మంచివాడే. తాగడు, మాట మెత్తన. ఇంటికి తీసుకెళ్ళాడు. గేటుకి గంట కట్టి ఉంది. ఎందుకండీ అంటే, "అమ్మ బయటికెళ్ళిపోతుందండి, తిరిగి రావడం మర్చిపోతుందండి" అన్నాడు. వాళ్ళమ్మ సంపూర్ణమ్మ గారికి ఎనభై దాటాయి. ఆయన డ్యూటీలో ఉంటే పక్కింటి ఏసమ్మ వచ్చి చూస్తుందట. స్నానం, అన్నం, పక్క గుడ్డలు, అన్నీ ఒకళ్ళు దగ్గరుండి చెయ్యాల్సిందే. ఆవిడ నన్ను చూసి, "నువ్వేనా రామచంద్రపురం అమ్మాయివి?" అంది. కాదండి, ఆత్రేయపురం అన్నాను. ఒక్క నిమిషం ఆగి మళ్ళీ అదే అడిగింది. మూడోసారి అడిగేసరికి చేతిలో పూతరేకు పెట్టాను, ఊరుకుంది.

నాకు ఒళ్ళు మండింది. ఇంత సంగతి దాచి పెళ్ళికి అడుగుతాడా, ఈయనకి కావలసింది పెళ్ళాం కాదు, ఆయా అనుకున్నాను. మొహం మీదే అడిగేశాను. ఆయన బిత్తరపోయాడు. "దాచలేదండి. ఆ రోజు పెళ్ళి మాటకంటే ముందు అమ్మ సంగతే చెప్పానండి. దేవుని చిత్తం కోసం కనిపెడతానన్నారండి హెలెన్ గారు" అన్నాడు.

అప్పుడు కనిపెట్టాను హెలెనూ. ఆయన గురించి కాదు, నీ గురించి.

సబ్బు జారిపడిందని రాశావు, పాట శ్రుతి తప్పుతుందని రాశావు, ఇది మాత్రం రాయలేదు. ఎందుకు రాయలేదో తిరుగు బస్సులో కూర్చున్నాక తెలిసింది. నువ్వు కాచుకుని కూర్చున్నది దేవుడి కోసం కాదే. ఆ ముసలావిడ పోవడం కోసం. ఆవిడ పోతే ఊఁ అందామని. పైకి అనలేక దానికి దేవుని చిత్తం అని పేరు పెట్టుకున్నావు. పైగా పాస్టరు గారి చేత ఆమెన్ కూడా అనిపించావు.

కాదంటే కాదని రాయి. వచ్చి నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ
ఫణి


రామచంద్రపురం,
మార్చి 16.

ఫణిశ్రీ గారికి,

మీ ఉత్తరం అందింది. తెలుగు పండితులు కదా, చాలా బాగా కనిపెట్టారు.

అవునే. నిజమే. సంతోషమా? పెళ్ళయిన దగ్గర్నుంచి మా అత్తగారికి చేశాను. ఆవిడ వెళ్ళిన మర్నాడు కాస్త కూర్చుందామనుకుంటే జయపాల్ పడిపోయాడు. ఇప్పటికీ డెట్టాల్ వాసన వస్తే అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోతాను. ఆ మంచం అమ్మేసిన రోజు గది మధ్యలో చాప వేసుకుని పడుకుని, పొద్దెక్కేదాకా లేవలేదు. నన్నెవరూ పిలవలేదు. ఎంత హాయిగా ఉందో నీకు తెలియదు ఫణీ. ఆ హాయికి సిగ్గుపడి చర్చికి వెళ్ళి ఏడ్చాను కూడా. మళ్ళీ అలాంటి గదిలోకి నా కాళ్ళతో నేనే నడిచి వెళ్ళాలా?

కాదని చెప్పేస్తే సరిపోయేది. కానీ ఆయన నాకు కావాలి. ఆయన ఫోన్ వస్తే జుట్టు సవరించుకుని ఎత్తుతాను, ఈ వయసులో. ఈ రెండు మాటలూ కలిపి ఎవరితో చెప్పను? చిట్టియ్య గారితో చెబితే 'సేవ చెయ్యడం ధన్యతమ్మా' అంటారు. ఆయనింట్లో మంచం పట్టినవాళ్ళు ఎవరూ లేరు.

ఆవిడ పోవాలని నేను ఏనాడూ ప్రార్థన చెయ్యలేదు. కాస్త ఆగుదాం అనుకున్నాను, అంతే.

నాకింక ఉత్తరాలు రాయకండి.

హెలెన్


ఆత్రేయపురం,
మార్చి 24.

హెలెనూ,

'రాయకండి' అన్నావు. నన్ను కాదు, ఇంకెవర్నో 'మీరు' అంటున్నావనుకుని రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఏమైందని మా ఆయన అడిగితే ఉల్లిపాయలన్నాను. నువ్వు ఇంత అలిసిపోయావని నాకు తెలియదే. ఎప్పుడడిగినా స్తోత్రం స్తోత్రం అంటావు, ఆ మాటలో ఎదుటివాళ్ళకేం తెలుస్తుంది?

నువ్వు ఆవిడ పోతే బాగుండుననుకోవడం నాకు మహాపాపంలా అనిపించలేదు. నేనైతే రోజూ అనుకునేదాన్ని, అందుకోసం శనివారాలు ఒంటిపూట ఉపవాసం కూడా ఉండేదాన్ని. నాకు కోపం వచ్చింది ఆయన్ని చూసి. గేటుకి గంట కట్టుకుని, 'నేనూ కనిపెడుతున్నానండి' అంటూ నీ మాటను పట్టుకుని కూర్చున్నాడు. నువ్వేమో దేవుణ్ణి గుమ్మంలో కాపలా పెట్టి మంచం కింద దాక్కున్నావు. చెయ్యలేననుకుంటే చెయ్యలేనని చెప్పెయ్. నాలుగు రోజులు బాధపడతాడు, ఐదోరోజు డ్యూటీకి వెళ్తాడు. మనిషిని అలా నిలబెట్టి మాత్రం ఉంచకు.

పూతరేకులు పంపుతున్నాను, బెల్లంవి. కోపంగా ఉంటే పక్కింటివాళ్ళకి పెట్టెయ్. కొంచెమే కోపమైతే సగం పెట్టు.

నీ
ఫణి


రామచంద్రపురం,
ఏప్రిల్ 12.

ఫణీ,

పూతరేకులు నేనే తిన్నాను. అన్నీ.

ఈస్టరు అయ్యాక కాకినాడ వెళ్ళాను. కాదని చెప్పడానికే వెళ్ళాను. చెప్పాల్సిన మాటలు దారంతా వల్లె వేసుకున్నాను. గేటు తియ్యగానే గంట మోగింది. ఐజాక్ గారు గబగబా బయటికొచ్చి, నన్ను చూసి చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టారు. నేను నోరు తెరిచేలోపే ఆయన ఫోన్ మోగింది. ఫ్యాక్టరీలో కంప్రెషరు ఆగిపోయిందట, ఐసంతా కరిగిపోతోందట. ఏసమ్మ చూస్తే ఊళ్ళో లేదు. ఆయన అటూ ఇటూ చూసి, "ఏమనుకోకండి, ఒక్క గంటండి, అమ్మని కాస్త కనిపెట్టుకుని ఉంటారా అండి?" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. మనిద్దరం ఇన్నాళ్ళూ కొట్టుకు చచ్చిన మాటకి మూడో అర్థం ఉంది చూశావా! 'పాలు పొంగుతాయేమో కనిపెట్టుకుని ఉండు, చంటిదాన్ని కనిపెట్టుకుని ఉండు' అని రోజుకి పదిసార్లు విని పెరిగాం. తెలుగు పండితురాలివి, నీకూ తట్టలేదు. నీకే వెయ్యాలి సున్నా.

ఆయన వెళ్ళారు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. గదిలో అదే డెట్టాల్ వాసన. లేచి వెళ్ళిపోదామనుకున్నాను, నిజంగా చెప్పులు వేసుకున్నాను కూడా. అప్పుడు ఆవిడ కళ్ళు తెరిచింది.

"ఎవరమ్మా నువ్వు?"

"హెలెనండి."

"ఏ ఊరు?"

"రామచంద్రపురమండి."

ఆవిడ మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది. "అయితే ఆ అమ్మాయి నీకు తెలుసా? మావోడికి జవాబు చెప్పాల్సిన అమ్మాయి?"

తెలుసన్నాను. ఇంకేం అనను?

"తొందరగా చెప్పమనమ్మా దాన్ని. పండగ ముందునుంచీ కనిపెడతన్నాను. మావోడు ఒంటిగాడయిపోతాడు, అది ఊఁ అనేదాకా నేను రానని పెబువుతో చెప్పేశాను. ఆయనేమో వచ్చెయ్ వచ్చెయ్ అంటాడు. ఇదేమో చెప్పదు. నాకు నడుం లాగేస్తంది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ చేశాను. ఆవిడ పోతే ఊఁ అందామని నేను కూర్చున్నాను. నేను ఊఁ అంటే పోదామని ఆవిడ కూర్చుంది. ఇద్దరం ఓపిక పట్టాం, ఇద్దరం ఆ దేవుణ్ణే నమ్ముకున్నాం. మా ఇద్దరి ప్రార్థనలూ విని ఆయన తల పట్టుకుని ఉంటాడు.

పక్క తడిసింది. మార్చాను. వేసుకున్న చెప్పులు విప్పేసి మరీ మార్చాను. ఐజాక్ గారు వచ్చాక చెప్పాను. "వస్తానండి, కానీ ఆయాగా రాను. రాత్రుళ్ళు మీరు చూడాలి. పగలు ఏసమ్మని మానిపించకూడదు. నా ఉద్యోగం నేను మానను. ఆదివారం మధ్యాహ్నం నిద్ర నన్నెవరూ లేపకూడదు." ఆయన ఒక్కోదానికీ "అలాగేనండి" అంటూ వచ్చి, చివర్న, "ఆదివారం మధ్యాహ్నం నేను పాట ప్రాక్టీసు చేస్తానండి. మానేస్తానండి" అన్నారు.

ఇంకోటి. తిరిగి పళ్ళెంలో పెట్టేసిన రెండో కార్డు మీద 'భయపడకుము' అని ఉంది.

నీ
హెలెన్


ఆత్రేయపురం,
ఏప్రిల్ 20.

దొంగమొహమా,

రెండు కార్డులు! చదివి మరీ తిరిగి పెట్టావా! మా ఆయన కూడా అంతే, తనకి నచ్చిన ముహూర్తం దొరికేదాకా పంచాంగం పేజీలు తిప్పుతూనే ఉంటారు. మీ ఇద్దరిదీ ఒకటే మతం.

సున్నా ఒప్పుకున్నాను. మీ దేవుడికి తెలుగు బాగానే వచ్చు. ఒక్క మాటిచ్చి ముగ్గుర్ని మూడు రకాలుగా తిప్పాడు. మొన్న తొమ్మిదో తరగతికి ఇదే ప్రశ్న ఇచ్చాను, సగం మంది మూడో అర్థమే ముందు రాశారు. ఆడపిల్లలు.

పెళ్ళి మేలో పెట్టుకోండి, నాకు సెలవులు. మూఢం ఉందో లేదో నేను చూడను. ఐజాక్ గారితో చెప్పు, మా మేనకోడలికని చెప్పిన ఐసు నీ పెళ్ళికే వాడమని. నాలుగు కేజీలు.

నీ
ఫణి


కాకినాడ,
సెప్టెంబరు 20.

ఫణీ,

మీ అత్తగారు పోయారా అని అడగడానికి మొహమాటపడి, 'అందరూ కులాసాయేనా' అని రాశావు. కులాసాయే. ఆవిడ వెళ్ళలేదు.

పెళ్ళిలో నేను ఊఁ అనడం నువ్వు విన్నావు, చర్చంతా విన్నది. ముందు వరసలో కూర్చుని ఆవిడా విన్నది. మర్నాడు పొద్దున్న కాఫీ పట్టుకెళ్తే, "నువ్వెవరమ్మా? ఆ రామచంద్రపురం అమ్మాయి ఏవంది?" అని అడిగింది. ఊఁ అందండి అన్నాను. "అమ్మయ్య, ఇంక నేను ఎళ్ళిపోతాను" అని మురిసిపోయి, కాఫీ తాగి, మర్చిపోయింది. అది మొదలు రోజూ ఇదే. ఒక్కసారి ఊఁ అనడానికి నెలల తరబడి నాన్చినదాన్ని, ఇప్పుడు రోజూ పొద్దున్నే అనాల్సి వస్తోంది. స్కూలు బస్సు టైమవుతూ, పక్క తడిసి ఉన్న రోజున ఆ ఊఁ పళ్ళ బిగువున వస్తుంది. నేనేదో మారిపోయాననుకునేవు, ఏం మారలేదు.

కిందటివారం ఆవిడకి జ్వరం వచ్చింది. మెతుకు ముట్టడం మానేసింది. డాక్టరు గారు, పెద్ద ప్రాణం కదండీ, దగ్గరివాళ్ళకి కబురు చెప్పుకోండి అన్నారు. చిట్టియ్య గారు అంత దూరం నుంచి వచ్చి ప్రార్థన చేసి, దేవుని చిత్తానికి అప్పగించమ్మా అన్నారు. మర్నాడు పొద్దున్న ఆవిడ కళ్ళు తెరిచి, వినపడీ వినపడకుండా, "ఆ అమ్మాయి ఏవందమ్మా?" అంది.

ఊఁ అందండి అని నోటిదాకా వచ్చింది. ఆ మాట కోసమే ఆవిడ ఊపిరి పట్టుకుని ఉంది, అనేస్తే వెళ్ళిపోతుంది. ఈ ఏడాది మొదట్లో నేను కోరుకున్నదీ అదే కదా.

"ఇంకా ఏమీ చెప్పలేదండి. ఆలోచించుకుంటోందట" అన్నాను.

ఆవిడ మొహం చిట్లించింది. "ఏంటీ? ఇంకానా? ఎంత పొగరే దానికి! మావోడికేం తక్కువంట?" అని మొదలుపెట్టి, నన్నూ, నన్ను కన్నవాళ్ళనీ, మొత్తం రామచంద్రపురాన్నీ దులిపేసింది. తిట్టి తిట్టి నీరసమొచ్చి గంజి అడిగింది. సాయంత్రానికి దిండుకి ఆనుకుని కూర్చుని, "దాని సంగతేదో తేలేదాకా నేను కదల్ను" అంది.

ఐజాక్ గారికి మనసొప్పలేదు. "అబద్ధం కదండీ" అన్నారు. మీరెళ్ళి పాట ప్రాక్టీసు చేసుకోండి అన్నాను.

జ్వరం తగ్గింది. ఇప్పుడు రోజూ కాఫీ వేళకి ఆవిడ అడుగుతోంది, నేను లేదంటున్నాను, ఆవిడ తిడుతోంది. ఆ తిట్లు వింటూనే పక్క మార్చి బస్సుకి పరిగెడుతున్నాను. దేవుని చిత్తం ఏంటో నాకిప్పటికీ తెలియదు ఫణీ. ఆ రామచంద్రపురం అమ్మాయి మాత్రం ఇప్పట్లో ఊఁ అనదు.

నీ
హెలెన్